మనుషులు అణువులా? – అంటువ్యాధుల గణిత చరిత్ర

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో సమీకరణాల చరిత్రకేం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉంది. సమాజం గురించి ఇవాళ అధికారంతో మాట్లాడుతున్నది కవీ కాదు, నవలాకారుడూ కాదు, లెక్కల నమూనా. అంగళ్లు ఎన్నాళ్లు మూయాలో, ఏ వీధికి కంచె కట్టాలో, ఏ రైలు ఆపాలో 2020లో నిర్ణయించినవాళ్లు తమ వెనుక ఒక వక్రరేఖను చూపించారు. ఆ వక్రరేఖ ఎక్కడ పుట్టింది, ఏ భౌతికశాస్త్ర భావన మీద నిలబడింది, ఎవరి చావులను ఆధారం చేసుకుని గీశారు అన్నది తెలియకుండా దాన్ని నమ్మడం ఎంత తప్పో, తోసిపుచ్చడమూ అంతే తప్పు. మన ప్రగతిశీల రచయితల్లో ఈ రెండు ధోరణులూ ఉన్నాయి. అంకెలు అబద్ధమాడవని సైన్సు పేరు చెప్పి మొక్కేవారు కొందరు. మనిషిని అంకెగా మార్చడమే అమానుషమని విసుక్కునేవారు మరికొందరు. మొదటివారికి చరిత్ర అక్కర లేదు, రెండోవారికి శాస్త్రం అక్కర లేదు.

ఈ కథలో మొదటి ఘట్టం మన నగరంలోనే జరిగింది. 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్ దండును ఆనుకుని ఉన్న బేగంపేటలో, సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో మలేరియా క్రిమి జాడ దొరికింది. ఆ దోమ కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టించుకున్న ఒక్కో దోమకు అతనికి ఒక అణా చొప్పున ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. హుస్సేన్ ఖాన్ చరిత్రలో ఆ అణాల పద్దు దగ్గరే ఆగిపోయాడు.

ఇంతవరకూ బడి పిల్లలకు తెలిసిన కథే. పాఠ్యపుస్తకాలు చెప్పనిది ఆ తర్వాతి కథ. రాస్ కవిత్వమూ నవలలూ రాసినవాడు. గణితం ఆయనకు వ్యసనం. మలేరియాకు దోమే వాహకమని రుజువయ్యాక వచ్చిన ప్రశ్న, దోమల్ని ఏం చేయాలన్నది. లోకంలోని దోమలన్నిటినీ చంపడం కుదిరే పనేనా, కుదరనప్పుడు కొన్నిటిని చంపి లాభమేమిటి అని దొరతనంలోని వైద్యులే ఎకసెక్కాలాడారు. లాహోర్ దగ్గరి మియాన్ మీర్ దండులో దోమల్ని తగ్గించే ప్రయత్నం చేసి, ప్రయోజనం లేదని నివేదిక రాశారు కూడా. దీనికి రాస్ ఇచ్చిన జవాబు లెక్క రూపంలో ఉంది. 1908 నాటి మారిషస్ నివేదికలో మొదలుపెట్టి, 1911 నాటికి దాన్ని అవకలన సమీకరణాలుగా మలిచాడు.

ఆ లెక్క సారాంశం సామాన్యుడికి అర్థం కానిదేమీ కాదు. ఒక రోగి నుంచి మరొకరికి మలేరియా పాకాలంటే దోమ ముందు ఆ రోగినే కుట్టాలి. అన్ని దోమలూ మనిషిని కుట్టవు. కుట్టిన దోమ, క్రిమి తన ఒంట్లో ఎదిగే దాకా, అంటే పదిరోజులో ఇంకా ఎక్కువో బతకాలి. చాలా దోమలు అంతకాలం బతకవు. బతికినదైనా మళ్లీ మనిషినే, అందులోనూ జబ్బులేని మనిషిని, కుట్టాలి. అడుగడుగునా సంఖ్య తరిగిపోతుంది. కాబట్టి తలకు ఇన్ని దోమలన్న లెక్క ఒక హద్దుకు దిగువన ఉంటే, దోమలు ఉన్నా మలేరియా తనంతట తానే అణగిపోతుంది. దోమలన్నిటినీ చంపనక్కర లేదు, హద్దు దాటనివ్వకపోతే చాలు. పరిమాణంలో వచ్చిన మార్పు ఒక చోట గుణంలో మార్పుగా మారుతుందని గతితర్కం చదువుకున్న మనకు ఇది కొత్తగా తోచదు. రాస్ సామ్రాజ్యానికి కొలువు చేసినవాడు, ఆ తత్వంతో ఆయనకు పనిలేదు. అయినా ఆయన లెక్క అక్కడికే చేరింది. అంకెల్ని ఈసడించే మిత్రులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. కంటికి కనిపించని ఈ హద్దును ఏ కవి ఊహా పట్టుకోలేదు, సమీకరణమే పట్టుకుంది.

అదే 1897లో, ఫిబ్రవరిలో, బ్రిటిషు ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. బొంబాయిలో దిగిన ప్లేగు దానికి కారణం. ఇళ్లలో చొరబడి సోదాలు చేయడానికి, జనాన్ని ఆపడానికి, సామాన్లు తగలబెట్టడానికి అధికారులకు అడ్డులేని అధికారం దొరికింది. పూనాలో సైనికులు పడకగదుల్లోకి, పూజగదుల్లోకి దూరిన తీరుకు జనం రగిలిపోయారు. ఆ జూన్‌లో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. బేగంపేటలో రోగం ఎలా కదులుతుందని పరిశోధన జరుగుతున్న ఏడాదే, మనుషుల్ని ఎలా కదలనివ్వకూడదో చెప్పే శాసనం వచ్చింది. 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కరోనా నిబంధనలు జారీ చేసింది ఆ 1897 చట్టం కిందనే. స్వతంత్ర భారతం ఎన్నో చట్టాలు మార్చుకుంది. ఈ ఒక్కటీ 123 ఏళ్లు కొండలా నిలిచింది.

రాస్ శిష్యుల్లో మెకెండ్రిక్ అనే స్కాట్లండు వైద్యుడున్నాడు. 1901లో రాస్‌తో కలిసి సియెర్రా లియోన్‌లో మలేరియా పనిచేసి, ఆ తర్వాత ఇండియన్ మెడికల్ సర్వీసులో ఇక్కడే చాలాకాలం గడిపాడు. ఎడింబరో చేరాక కెర్మాక్ అనే రసాయన శాస్త్రవేత్త జత కలిశాడు. కెర్మాక్ 1924లో ప్రయోగశాల ప్రమాదంలో చూపు పోగొట్టుకుని, మనసులోనే గణితం నడిపిన మనిషి. వీళ్లిద్దరూ 1927లో ప్రకటించిన వ్యాసమే ఇవాళ్టి అంటువ్యాధి నమూనాలన్నిటికీ మూలం. జనాన్ని మూడు వర్గాలు చేశారు: జబ్బు రాగలవారు, జబ్బుతో ఉన్నవారు, కోలుకోవడం ద్వారానో చావు ద్వారానో ఆట నుంచి తప్పుకున్నవారు. మొదటి రెండు వర్గాలు ఎంత తరచుగా ఎదురుపడితే అంత జబ్బు పాకుతుంది. ఎదురుపడడాన్ని ఎలా లెక్కించారంటే, రెండు వర్గాల సంఖ్యలను గుణించి ఒక గుణకం పెట్టారు.

ఈ గుణింపు రసాయనశాస్త్రం నుంచి వచ్చింది. ఒక పాత్రలో రెండు రకాల అణువులుంటే వాటి చర్య వేగం ఆ రెంటి సాంద్రతల లబ్ధాన్ని బట్టి ఉంటుందని 1864లోనే నార్వేజియన్లు గుల్డ్‌బెర్గ్, వాగే చెప్పారు. అణువులు అటూ ఇటూ దిక్కులేకుండా పరుగెత్తుతూ ఢీకొంటాయి. ఏ అణువు ఏ అణువును ఢీకొనే అవకాశమైనా ఒక్కటే. మనుషుల్నీ అలాగే అనుకుంటే సమీకరణం సులువవుతుంది. సమాజానికి భౌతికశాస్త్రం కావాలన్న కోరిక అంతకు ముందటిదే. ఓగుస్ట్ కామ్టే ఆ మాట వాడాడు. కెట్లే 1835లో సగటు మనిషిని తయారుచేసి దాన్ని తన సొంతం చేసుకున్నాడు. ఆ మాట చేజారిందని కామ్టే సోషియాలజీ అనే ఇంకో పేరు పెట్టుకున్నాడు. కాని లెక్కగట్టి, చావుల పట్టికతో సరిపోల్చి, ఇదిగో చూడండని ముందుపెట్టినవాళ్లు కెర్మాక్, మెకెండ్రిక్‌లు.

ఆ చావులు ఎక్కడివి? మన దేశానివే. 1905 డిసెంబరు నుంచి 1906 జూలై దాకా బొంబాయి దీవిలో ప్లేగుతో వారం వారం పోయినవాళ్ల సంఖ్య, వారానికి సుమారు 900 దాకా ఎగబాకి మళ్లీ దిగిన సంఖ్య, వాళ్ల వక్రరేఖ మీద చక్కగా వచ్చి కూర్చుంది. ఇవాళ్టికీ ఏ విశ్వవిద్యాలయంలో ఈ పాఠం చెప్పినా ఆ బొమ్మ చూపిస్తారు. గంట ఆకారంలో అందమైన గీత. గీత మీద ఉన్న ప్రతి చుక్కా కొన్ని వందల శవాలు.

ఇందులో ఒక తిరకాసుంది. ఆ ప్లేగు మనిషి నుంచి మనిషికి అంటే జబ్బు కాదు. ఎలుకల్ని చంపి, ఆ ఎలుకల మీది పిశువుల ద్వారా మనిషికి ఎక్కింది. ఈ సంగతిని 1905 నుంచి బొంబాయిలో పనిచేసిన ప్లేగు పరిశోధన సంఘమే తేల్చింది. మనుషుల్లో ప్లేగు ఎలుకల్లోని ప్లేగుకు నీడ వంటిదని ఆ ఇద్దరు రచయితలూ ఎరుగుదురు, వ్యాసంలో ఒప్పుకున్నారు కూడా. అయినా మనుషులు మనుషుల్ని ఢీకొంటున్నట్టు రాసిన సమీకరణం అంకెలతో సరిపోయింది! నిజానికి ఆ ఎక్కుదిగుళ్లలో బొంబాయి ఎండల పాత్ర పెద్దది. వేసవి ముదిరే కొద్దీ పిశువులు తగ్గి ప్లేగు ఏటా తగ్గేది. నికొలా బకాయెర్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 2012లో ఆ పాత అంకెల్ని మళ్లీ తీసి, ఋతువును లెక్కలో కలపకుండా ఈ కథ నడవదని చూపాడు. గీత సరిపోవడం వేరు, కారణం తెలియడం వేరు. సాహిత్యంలో దీనికి పోలిక వెతకనక్కర లేదు. వస్తువు తెలియకుండానే శిల్పం కుదిరిన పద్యాలు మనం చాలా చూశాం.

ఇంతకూ మనుషులు అణువులా? వాయువులో ఒక అణువు ఇంకో అణువుకు అద్దె కట్టదు. ఒక అణువు కూలికి వెళ్లకపోతే పిల్లలు పస్తుండరు. అణువుకు కులం లేదు, పాత్రలో ఏ మూల ఉండాలో ఎవరూ శాసించరు. సమీకరణంలో బీటా అనే గ్రీకు అక్షరంతో రాసే ఆ గుణకంలో ఇవన్నీ ఇరికించారు: ఒకరు రోజుకు ఎందర్ని కలుస్తారు, కలిసినప్పుడు జబ్బు అంటే అవకాశమెంత. గణితజ్ఞుడికి అదొక స్థిరాంకం. చరిత్రకారుడు చూడవలసింది అది ఎలా స్థిరపడిందని.

నేనుండే గౌలిపురనే తీసుకోండి. పాలమ్ముకునే గౌలీల పేరు మీద వెలసిన పేట ఇది. నగర ప్రాకారానికి ఉన్న పదమూడు దర్వాజాల్లో ఒకటి దీని పేరుతో ఉండేది. గోడ పోయింది, దర్వాజా పోయింది, గోడ లోపల బిగుసుకుని పెరిగిన గల్లీలు మిగిలాయి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి కొన్ని బస్తీలను తొలగించి రోడ్లు వెడల్పు చేసింది. కాని కొత్త ఆఫీసులూ కొలువులూ భూముల విలువలూ నది ఉత్తరానికే ప్రవహించాయి. పాతబస్తీలో లక్కగాజులు చేసేవారికి, మగ్గం పనివారికి ఇల్లే కార్ఖానా. ఒకే గదిలో పని, వంట, నిద్ర. ఇక్కడ ఆరడుగుల ఎడం పాటించమంటే గల్లీ వెడల్పే అంత ఉండదు. ఇలాంటి చోట బీటా పెద్దదిగా ఉందంటే అది మా అలవాట్ల దోషం కాదు, నూరేళ్ల నగర నిర్మాణం అందులో ఉంది. మహమ్మారుల దెబ్బ ఈ నగరానికి కొత్తా కాదు. జనగణనలో 1911లో 5 లక్షలున్న హైదరాబాదు 1921లో 4 లక్షల 4 వేలకు పడిపోయింది. ప్లేగుకూ 1918 ఇన్‌ఫ్లుయెంజాకూ పోయినవారు కొందరు, ఊరు వదిలిపోయినవారు కొందరు. ఆషాఢంలో కోట మైసమ్మకు బోనమెత్తే మా వీధివాళ్లు అమ్మవారిని పొలిమేర కాపు అంటారు. రోగానికి ఒక హద్దు ఉంటుందని, దాన్ని కాపాడుకోవాలని జనం తమ భాషలో అనుకున్న మాట అది. దాన్ని మూఢవిశ్వాసమని ఒక్క ముక్కలో కొట్టేయడం చరిత్ర పరిశీలన కాదు. అలాగని వేపాకు టీకా అయిపోదు.

2020కి వద్దాం. ఆ ఏడాది కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కోవిడ్ అంచనాల కోసం ఒక జాతీయ నమూనా సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షుడు ఐఐటీ హైదరాబాద్ ఆచార్యుడు మాతుకుమల్లి విద్యాసాగర్. గుంటూరులో పుట్టి ప్రపంచ ప్రసిద్ధి పొందిన గణిత శాస్త్రజ్ఞుడు, రాయల్ సొసైటీ సభ్యుడు. కాన్పూరు ఐఐటీ నుంచి మణీంద్ర అగర్వాల్, సైనిక వైద్య విభాగం నుంచి మాధురి కానిట్కర్ ఆయనతో ఉన్నారు. వాళ్ల నమూనా కెర్మాక్, మెకెండ్రిక్‌ల వంశంలోదే. పైకి తెలియకుండా జబ్బుపడినవాళ్లను మరో వర్గంగా చేర్చారు. అది తెలివైన చేర్పు. 2020 అక్టోబరులో సంఘం చెప్పింది: శిఖరం సెప్టెంబరులోనే దాటిపోయింది, జాగ్రత్తలు కొనసాగితే 2021 ఫిబ్రవరి చివరికి కేసులు నామమాత్రమవుతాయి. ఫిబ్రవరి దాకా అంకెలు ఆ దారినే దిగాయి. పాలకులు విజయం ప్రకటించుకున్నారు, ఎన్నికల సభలు పెట్టారు, కుంభమేళా జరిపించారు. 2021 మే 6న ఒక్కరోజే దేశంలో 4 లక్షల 14 వేల కేసులు. కొత్త రకం వైరస్ వచ్చింది, గుణకం మారిపోయింది. రెండో ఉప్పెనను తమ నమూనా సరిగా పట్టుకోలేకపోయిందని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు. వాళ్లు షరతులతో అన్న మాటను షరతులు తీసేసి వాడుకున్నవాళ్లు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఇదే ఐఐటీ హైదరాబాద్‌కు సంబంధించి ఇంకో సంగతి ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలో ఆ విద్యాసంస్థ ప్రాంగణంలో భవనాలు కడుతున్న వలస కూలీలు రెండు వేలకు పైగా లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకున్నారు. కూలి డబ్బులివ్వండి, ఇళ్లకు పంపండి అని 2020 ఏప్రిల్ 29న తిరగబడ్డారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. రెండు రోజులు తిరగకుండానే, మే 1 తెల్లవారుజామున, లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు కదిలింది. లాక్‌డౌన్ మొదలయ్యాక వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు అదే. కార్మిక దినం నాడు అలా జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. యాదృచ్ఛికం కానిది మరొకటి: మార్చి 24 రాత్రి దేశమంతా ఆగమన్నప్పుడు అణువులన్నీ ఆగిపోతాయని పాలకులు ధీమాగా ఉన్నారు. లక్షలమంది నడవడం మొదలుపెట్టారు. ఏ సమీకరణంలోనూ కూలి బకాయి అనే రాశి లేదు. విద్యాసాగర్‌ను నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఆయన సంఘం ఏర్పడకముందే ఇది జరిగింది, భవనం కట్టించే బాధ్యతా ఆయనది కాదు. నమూనా పుట్టిన ప్రాంగణంలోనే నమూనాకు అందని మనిషి ఉన్నాడని చెప్పడమే నా ఉద్దేశం.

ఇక లెక్కలోకి వచ్చినవాళ్ల సంగతి. 2020 జూలైలో ముంబైలో మూడు వార్డుల్లో రక్తపరీక్షలు చేస్తే, మురికివాడల్లో 57 శాతం మందికి, బయట 16 శాతం మందికి అప్పటికే జబ్బు సోకి పోయినట్టు తేలింది. అదే నగరం, అదే వైరస్, అదే వార్డు. అన్ని అణువులూ ఒక్కటే అన్న ఊహ ఇక్కడ కూలిపోయింది. అదే ఆగస్టులో మన హబ్సిగూడ సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రజ్ఞులు ఇంకో దారి పట్టారు. మనిషిని అడగకుండా మురుగునీటిని అడిగారు. శుద్ధి కేంద్రాలకు చేరిన మురుగులో వైరస్ జాడల్ని బట్టి, గడచిన 35 రోజుల్లో హైదరాబాదులో 6 లక్షల 60 వేల మందికి సోకి ఉండవచ్చని అంచనా వేశారు. సర్కారు లెక్కలో అప్పటికి మొత్తం రాష్ట్రానికే కేసులు లక్షకు చేరువలో ఉన్నాయి. 2021 మార్చిలో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి 30 వార్డుల్లో సుమారు 9,000 మందిని పరీక్షించిన ఫలితం వచ్చింది: నగరంలో 54 శాతం మందికి ప్రతిరక్షకాలున్నాయి, వాళ్లలో నాలుగింట మూడు వంతుల మందికి తమకు జబ్బు వచ్చిన సంగతే తెలియదు. వార్డు వార్డుకూ తేడా 30 నుంచి 70 శాతం దాకా. చావుల లెక్క ఇంకా ఘోరం. 2020, 2021 రెండేళ్లకు ప్రభుత్వం చెప్పింది 4 లక్షల 80 వేలు; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేసిన అంచనా 47 లక్షలు. ప్రభుత్వం ఆ అంచనాను, దాని గణిత పద్ధతిని తిరస్కరించింది. నమూనాలు చూపించి కంచెలు కట్టినవాళ్లకు, చావుల దగ్గరికి వచ్చేసరికి నమూనాల మీద అనుమానం పుట్టింది.

గణితంతో సమాజాన్ని చదవడం ఎలాగో మన మార్గంలోనే ఒకరు చూపించి ఉన్నారు. కోశాంబి గణితాచార్యుడు. పాత కార్షాపణ నాణేల్ని వేలకొద్దీ తక్కెడలో తూచాడు. నాణెం చేతులు మారేకొద్దీ అరుగుతుంది, అరిగిన బరువును బట్టి ఎంతకాలం చలామణీలో ఉందో చెప్పవచ్చు అన్నది ఆయన నమూనా. కాని పాత నాణేల జోలికి పోకముందు తన కాలపు నాణేల్ని తూచి, కాలం తెలిసిన చోట లెక్క నిలుస్తుందో లేదో చూసుకున్నాడు. అంతటితో ఆగలేదు. ఆ నాణెం ఎవరి చేతుల్లోంచి ఎందుకు పోయింది, ఏ వర్తకం, ఏ రాజ్యం దాన్ని నడిపించింది అని అడిగాడు. బరువు తగ్గడం భౌతికశాస్త్రం, చేతులు మారడం చరిత్ర. రెంటినీ విడదీయకుండా చూసిన పద్ధతి అది. మన విమర్శకులు కోశాంబి నిర్ణయాలు చెబుతారు గాని ఆ తక్కెడ ఊసెత్తరు.

లెక్కకు ముందు లెక్కించేవాళ్లున్నారు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే చేయించినప్పుడు, 75 ప్రశ్నల పత్రం పట్టుకుని గల్లీల్లో తిరిగినవాళ్లలో చాలామంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులున్నారు. పొద్దున పాఠం, మధ్యాహ్నం సర్వే. దేశ జనగణన మాత్రం 2011తో ఆగిపోయింది. 2021లో జరగవలసింది కోవిడ్ పేరు మీద వాయిదా పడుతూ పోయి, చివరికి 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా ప్రకటించారు. అంటే కోవిడ్ నమూనాలన్నీ తమ జనాభాను తీసుకున్నది పదేళ్ల నాటి పట్టిక నుంచి. రెండో ఉప్పెనలో పోయినవాళ్లలో 2011 పట్టికకు ఎక్కనివాళ్లున్నారు, 2027 పట్టిక వాళ్ల గుమ్మం ముందుకు వచ్చేసరికి ఆ ఇంట్లో వాళ్లు ఉండరు.